మూలన వేసిన మేత

రొయ్యలు కొనే కంపెనీ వాళ్లు శాంపిల్‌కి వస్తున్నారని ఫోన్ రాగానే మా వైపు గుంటల దగ్గర ఒక పని జరుగుతుంది. దాన్ని మోసం అని ఎవరూ అనరు. గుంటలో ఒక మూల ముందుగానే నాలుగు దోసిళ్ల మేత చల్లి పెడతారు. మేత పడ్డచోటికి బలమైన రొయ్యలు ముందు చేరతాయి, బక్కవి వెనకబడిపోతాయి. కంపెనీ మనిషి బండి దిగేసరికి వల పట్టుకున్నవాడు ఏమీ ఎరగనట్టు గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి ఆ మూలనే వల విసురుతాడు. అందులో పడ్డవాటిని తూకం వేసి, మొత్తం గుంటకు ధర కడతారు. ఈ సంగతి కొనేవాడికి తెలియదా అంటే బాగా తెలుసు. అందుకే ఇంకోచోట ఇంకోసారి వేయమంటాడు. ఆ ఇంకోచోట కూడా మేత చల్లి ఉంచేవాళ్లున్నారు. వాళ్లలో నేనొకణ్ణి.

మా అన్న ఆ పని చేసేవాడు కాదు. మైపాడుకు దక్షిణంగా, ఉప్పుకాలువ పక్కన, మా ఇద్దరి గుంటలకూ మధ్య ఒకటే గట్టు. కంపెనీ వాళ్లు రాగానే అన్న లుంగీ ఎగగట్టి, "మధ్యలో ఎయ్యి రా" అని వల పట్టినవాడికి చెప్పేవాడు. మధ్యలో పడేవి పెద్దవీ చిన్నవీ కలిసే ఉంటాయి. దాంతో ధర తగ్గేది. నేను గట్టుకు ఇవతల నిలబడి నవ్వేవాణ్ణి. "అన్నా, నీకు వ్యాపారం కాదు, గుడి కావాల" అని ఏడిపించేవాణ్ణి. అన్న కూడా నవ్వేవాడు. నాకంటే బాగా పెద్దవాడు. నాన్న పోయాక నన్ను చదివించిందీ, రోడ్డు మీద నాకు మేతల దుకాణం పెట్టించిందీ ఆయనే. కాబట్టి నా వెక్కిరింతలకు ఆయన దగ్గర ఎప్పుడూ చెల్లుబాటు ఉండేది.

ఆయనకు మతిమరుపు మొదలైన సంగతి నాకు రొయ్యల వల్లే తెలిసింది. మేత వేసిన గుంటకే మళ్లీ మేత వేశాడు. అలా ఎన్నాళ్లు వేశాడో గాని, తినగా మిగిలింది అడుగున కుళ్లి బురద నల్లబడింది. మేత మిగిలిందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి వాసన చూసి, పనివాళ్ల మీద కేకలేశాను. వాళ్లు నేల చూపులు చూశారు. చివరికి మా వదినే చెప్పింది. "వాళ్లననబాక అబ్బయ్యా. మీ అన్నకి ఏసినట్టు గుర్తుండటం లా. మొన్న మన గట్టు మీదే నిలబడి, ఇంటికి యాడికి పోవాల అని అడిగినాడు నన్ను."

నెల్లూరులో చూపించాక మద్రాసు వెళ్లమన్నారు. వదినా నేనూ అన్నను తీసుకుని నెల్లూరులోనే రైలెక్కి మద్రాసు చేరాం. అక్కడ ఒక డాక్టరమ్మ, తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని మాటల చివర అరవం పలుకుతుంది. అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు మాటలు చెప్పింది. గొడుగు, నిమ్మకాయ, పడవ. గుర్తు పెట్టుకోమంది. తర్వాత గడియారం బొమ్మ గీయించింది, ఏ నెలో అడిగింది, ఏ ఊళ్లో ఉన్నామో అడిగింది. కొంతసేపాగి, ఆ మూడు మాటలేమిటండీ అంది. అన్న చాలాసేపు ఆలోచించి, "ఏ మాటలమ్మా?" అన్నాడు.

అల్జీమర్స్ అంది. ఆ పేరు అంతకుముందే విన్నాను, అయినా మన ఇళ్లలోకి రాదనుకునే జబ్బుల్లో అదొకటి. మందు లేదా అని అడిగాను. ఈ జబ్బుకు ఇప్పుడున్న మాత్రలు కాస్త ఆసరా మాత్రమే అని, కొత్తగా ఒక డ్రిప్ మందు వస్తోందని, అది శరీరంలోని రక్షణ వ్యవస్థ చేత పని చేయించే మందని, జబ్బు ఇంకా తొలిదశలో ఉన్నవాళ్లకే ఇస్తారని చెప్పింది. స్కాన్లూ రక్తపరీక్షలూ రాసి, అవి చేయించుకుని వస్తే మళ్లీ ఒకసారి పరీక్ష చేసి చూద్దామంది.

రక్షణ వ్యవస్థ అనే మాట వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా దుకాణం భాష. రొయ్యలకు టీకా పనిచేయదు, ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుంచుకుని ఎదుర్కొనే ఏర్పాటు వాటి ఒంట్లో లేదు. అందుకని మేతలో కలిపే ఇమ్యూనిటీ పొడులు అమ్ముతాం. ఏ రైతు వచ్చి ఏ బాధ చెప్పుకున్నా, "ఇమ్యూనిటీ తగ్గింది, ఇది కలుపు" అని డబ్బా తీసి బల్ల మీద పెట్టడం నాకు అలవాటు. అన్న విషయంలోనూ అంతే. ఒంట్లో శక్తి తగ్గి మెదడు దెబ్బతిన్నదని తేల్చేశాను. మనుషులకమ్మే పొడులు తెప్పించాను. శొంఠి, మిరియాలు, తిప్పతీగ వేసి కషాయం కాయించాను. అన్న ముఖం చిట్లించుకుని తాగేవాడు. "నన్ను కూడా రొయ్యని చేసినావు గదరా" అనేవాడు. అప్పటికి ఆ మాత్రం హాస్యం మిగిలే ఉంది.

కానీ మందు ఇవ్వాలంటే తొలిదశ అని తేలాలి. అక్కడ నా బుర్ర పనిచేసింది. శాంపిల్ అన్నాక ఎక్కడ వల వేయాలో నాకు తెలియదా?

సాయంత్రాలు దుకాణం కట్టేసి గుంటల దగ్గరికి వెళ్లేవాణ్ణి. మోటారు షెడ్డులో మేత బస్తాల మీద అన్నను కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. "అన్నా, వాన పడతా ఉండాది. గొడుగు ఏసుకున్నావు. చేతిలో నిమ్మకాయ ఉండాది. పోయి పడవ ఎక్కినావు. చెప్పు." ఆయన కళ్లు మూసుకుని వేళ్లు మడుస్తూ చెప్పేవాడు. గొడుగు చెప్పి పడవ మరిచిపోయేవాడు. నిమ్మకాయ బదులు మామిడికాయ అనేవాడు. నాకు కోపం వచ్చేది. నన్ను బడిలో వేసిన రోజుల్లో ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఆయన ఒక్కసారి కూడా నన్ను కసురుకోలేదు. నేను మాత్రం, "ఇంత చిన్నది గూడా రాదా నీకు" అని అరిచాను. అన్న బెదిరిపోయి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఆ బెదురు చూసి కూడా నేను ఆపలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపిస్తుంది.

"ఎందుకురా ఇదంతా?" అని ఒకరోజు అడిగాడు.

"తప్పు లేకుండా చెప్తే మందు ఇస్తారన్నా. మునుపటి మాదిరి అయిపోతావు."

"అట్నా" అన్నాడు. ఆ తర్వాత నేను అడక్కుండానే చెప్పుకునేవాడు. నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడులో గట్టు మీద నడుస్తూ, గొడుగు, నిమ్మకాయ, పడవ అని గొణుక్కునేవాడు.

ఇంకొకటి కూడా చేశాను. అన్నకు గుండె లయ తప్పి కొట్టుకుంటుంది, అందుకని రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటాడు. మొదటిసారి ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పడం మాకు తోచలేదు. ఆ మాత్ర వాడేవాళ్లకు ఈ డ్రిప్ మందు సాధారణంగా ఇవ్వరని ఫోన్‌లో ఎక్కడో చూశాను. ఎందుకివ్వరో చదవలేదు, చదవబుద్ధి కాలేదు. ప్రయాణానికి బట్టలు సర్దుతుంటే వదినతో, "ఆ మాత్రల సంగతి డాక్టరమ్మ కాడ ఎత్తబాకు వదినా" అన్నాను. వదిన నా వంక చూసింది. "చెప్పకపోతే ఏమన్నా అవుతాదేమో అబ్బయ్యా?" అంది. "ఏం కాదు. రొయ్యలకి యాంటీబయాటిక్ వాడినారా అని కంపెనీవాడు అడిగితే మనం అన్నీ చెప్తామా?" అన్నాను. ఆమె మాత్రల పట్టీని చేతిసంచిలో అడుక్కు తోసేసింది.

స్కాన్లూ రక్తపరీక్షలూ చేయించుకుని రెండోసారి డాక్టరమ్మ గదిలోకి వెళ్లేటప్పుడు నాకు భయం లేదు. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల దువ్వించాను. ఆమె నవ్వుతూ, "ఎలా ఉన్నారండీ?" అంది.

అన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, "గొడుగు, నిమ్మకాయ, పడవ" అన్నాడు.

అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు తిరిగాడు. ముఖంలో ఎంత సంతోషమో. ఒక్కటి కూడా తప్పలేదు.

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టింది. "నేను ఇంకా అడగనే లేదే" అంది మెల్లగా.

"మా తమ్ముడు నేర్పించినాడమ్మా. రోజూ చెప్పిస్తా ఉండాడు. తప్పు లేకుండా చెప్తే మందు ఇస్తారంట గదా" అన్నాడు అన్న. నన్ను పొగడటానికే అన్నాడు. తమ్ముడు ఎంత శ్రద్ధ తీసుకుంటున్నాడో ఆమెకు తెలియాలని.

 ఇంట్లో ఊరికే ఏదో జ్ఞాపకశక్తి కోసం అని నసిగాను. నా మాట పూర్తి కాకముందే వదిన సంచి జిప్పు తీసింది. అడుగు దాకా చెయ్యి పెట్టి మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి గూడా వాడతాడమ్మా. రక్తం పలచబడేదానికి. చెప్పొద్దన్నాడు మా మరిది" అంది. నా వైపు చూడలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. నా నోరు ఊరుకునేది కాదు, నేనూ ఏదో ఒకటి అని ఉండేవాణ్ణి. డాక్టరమ్మ తిట్టలేదు. పట్టీ చేతిలోకి తీసుకుని చూసి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, అంతా వదినకు చెప్పడం మొదలుపెట్టింది.

మెదడులో సొంత కాపలా కణాలుంటాయట. చెత్తను తినేసి శుభ్రం చేయడం వాటి పని. ఈ జబ్బులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలుగా పేరుకుంటుంది. కాపలా కణాలు దాన్ని తినబోతాయి. తినలేనంత పేరుకున్నాక ఏళ్ల తరబడి రేగిపోయి ఉంటాయి. ఆ రేగుడులో మంచి కణాలనూ, ఒక నాడీకణానికీ ఇంకోదానికీ మధ్య ఉన్న అతుకులనూ కూడా పాడు చేస్తాయి. "మన మనిషి మరిచిపోవడంలో ఆ రేగుడుకూ భాగం ఉందమ్మా" అంది. డ్రిప్ మందు ఆ గడ్డలకు అంటుకుని, ఇదిగో ఇక్కడుంది, దీన్ని తినండి అని కాపలా కణాలకు గుర్తు చూపిస్తుందట. గడ్డలు తగ్గుతాయి. జబ్బు నడక కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. పోయిన జ్ఞాపకాలు తిరిగి రావు. అయితే ఆ ప్రొటీన్ మెదడులోని రక్తనాళాల గోడల్లో కూడా ఉంటుంది. దాన్ని లాగేటప్పుడు నాళాలు కారవచ్చు, మెదడు వాయవచ్చు, రక్తం చిమ్మవచ్చు. అందుకే ముందూ మధ్యలోనూ స్కాన్లు తీస్తూ, ఎంచి ఎంచి ఇస్తారు.

"రక్తం పలచబడే మాత్ర వేసుకునే మనిషికి ఆ రక్తం ఆగదు" అంది. ఆ మాట అన్నప్పుడు కూడా వదిన వైపే చూసింది.

నాకు గుంట అడుగున నల్లబురద కళ్ల ముందు మెదిలింది. అడుగు కుళ్లిన గుంటను ఒక్కసారిగా కదిలిస్తే విషవాయువు లేచి, తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. ఏ రైతు దుకాణానికి వచ్చినా, అడుగు కదిలించబాకండి అని చెప్పేది నేనే. మా అన్న తలలోని అడుగును కదిలించడానికి అబద్ధాలు నేర్పిందీ నేనే.

ఏదో ఒకటి అడగకపోతే ఆ గదిలో కూర్చోలేననిపించి, "మరి ఇమ్యూనిటీ పెంచే పొడులు ఇస్తా ఉండామండీ, అవి..." అన్నాను. అప్పుడు మాత్రం నా వైపు చూసింది. "కాపలావాళ్లు నిద్రపోతుంటే లేపాలండీ. ఇక్కడ వాళ్లు నిద్రపోవడం లేదు. వాళ్లను కుదుటపరిచే మందుల కోసమే ఇప్పుడు వెతుకుతున్నారు. పొడులు ఆపేయండి, రక్తం మాత్రతో పడనివి కూడా అందులో ఉండొచ్చు" అంది.

ఆ తర్వాత అన్నకు వేరే మూడు మాటలు చెప్పి మళ్లీ పరీక్ష చేసింది. ఆగి అడిగినప్పుడు ఆయన ధీమాగా, "గొడుగు, నిమ్మకాయ, పడవ" అన్నాడు. ఆమె బాగుందండీ అంది. బొమ్మ గీయమంటే గడియారంలో అంకెలన్నీ ఒక పక్కకే వేశాడు. తొలిదశ ఎప్పుడో దాటిందని, తొలిదశలో వచ్చినా ఆ మాత్ర ఉండగా ఈ మందు వద్దనే చెప్పేదాన్నని వదినకు వివరించింది. రక్తపోటు సరిగ్గా ఉంచండి, చెవి వినపడుతుందో లేదో చూపించండి, నడిపించండి, రోజూ ఒకే తీరున పనులు జరిగేట్టు చూడండి, ఇష్టమైన పనికి దూరం చేయకండి అంది. ఎలా నిద్రపోతాడు, ఏం తింటాడు, ఎప్పుడు విసుక్కుంటాడు అని అడిగింది. అన్నీ వదిననే అడిగింది. పక్క కుర్చీలో నేనున్న సంగతి ఇద్దరూ మరిచినట్టే ఉంది. ఆ గదిలో నా మాటకు విలువ పోయింది. అబద్ధం చెప్పే రైతు గుంట దగ్గర నేను కూడా వాడి మాట వినడం మానేస్తాను.

రైలులో అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. "నేను బాగా చెప్పినా గదరా?" అని అడిగాడు. బాగా చెప్పావన్నాను. "అయితే మందు ఎప్పుడిస్తారు?" అన్నాడు. నేను వేరుశనక్కాయలు కొనే నెపంతో లేచి తలుపు దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన నిద్రపోయాడు. వదిన తన కొంగు మడిచి ఆయన తల కింద పెట్టి ఉంది.

"మందు రాకపోతే పోయె అబ్బయ్యా" అంది. "మనిషి పోయుంటే?"

  ఇంటికి వెళ్లాక వదిన ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది, అన్నం తినిపొమ్మంది. అన్న మాత్రల డబ్బా మాత్రం అప్పటి నుంచి నా చేతికి ఇవ్వదు. నేను వెళ్లే వేళకి మాత్రలు వేయాల్సి వస్తే, నువ్వు కూర్చో, నేనిస్తాను అంటుంది. అలా అన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

దుకాణంలో ఇమ్యూనిటీ డబ్బాలు ఇంకా ఉన్నాయి. మానేశానని చెప్పుకోవడానికి లేదు, రైతులు అడుగుతారు, అమ్ముతాను. కాకపోతే మునుపు వాగినంత వాగడం లేదు. రైతు వచ్చి గుంట బాగాలేదంటే, ముందు అడుగు ఎలా ఉందో చూశావా అని అడుగుతున్నాను. మా కుర్రకారు రైతులు, మీ అన్న చాదస్తం నీకూ పట్టిందే అంటున్నారు. వాళ్లు పొగిడారో తిట్టారో గాని నాకైతే సిగ్గేస్తుంది.

అన్న గుంట పని కూడా ఇప్పుడు నాదే. మేత తూకం వేసి ఇస్తే ఆయన గట్టు మీద నుంచి చల్లుతాడు. డాక్టరమ్మ చెప్పినట్టు ఆ పని నుంచి ఆయన్ను దూరం చేయలేదు. చేతికి ఆ విసురు అలవాటైపోయింది, మేత అర్ధచంద్రంలా సమంగా పడుతుంది. చల్లుతూ అప్పుడప్పుడూ గొడుగు, నిమ్మకాయ, పడవ అంటాడు. మనవరాలి పేరు పోయింది, పెళ్లైన కూతురి ఊరు పోయింది, ఆ మూడు మాత్రం మిగిలాయి. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే వాళ్లకు కూడా అప్పజెప్పి, సరిగ్గా ఉందా అన్నట్టు చూస్తాడు. వాళ్లు నా వంక చూస్తారు.

మొన్న ఆ గుంటలో రొయ్యలు ఎదిగి పట్టుబడికి వచ్చాయి. పొద్దున్నే కంపెనీ వాళ్ల దగ్గర నుంచి ఫోన్. ఇంతా జరిగాక చెబుతున్నాను, ఆ పొద్దున కూడా నేను తూర్పు మూల మేత చల్లాను. అన్న కోసమే కదా, ఖర్చులున్నాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చల్లి, చేతులు కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని షెడ్డు దగ్గరికి వచ్చాను. అన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"రండి సార్, రండి. కంపెనీ నుంచి గదా" అన్నాడు.

"కాదు అన్నా, నేనే" అనబోయాను. ఆయన అప్పటికే నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. గుంట వైపు ఒకసారి చూసి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఆ మూల వల ఎయ్యబాకండి సార్. మా తమ్ముడు ఆడ మేత ఏసుంటాడు. చిన్నోడు, వాణ్ణేమనబాకండి. మీరు మధ్యలో ఎయ్యండి."

నన్ను ఎన్నేళ్లుగా ఇలా కాచుకొచ్చాడో నాకు తెలియదు. గట్టుకు ఇవతల నేను నవ్వుతున్న రోజుల్లో కూడా ఆయనకు అంతా తెలుసు. సరేనండీ, మధ్యలోనే వేయిస్తాను అన్నాను, కంపెనీ మనిషి గొంతుతో. అప్పుడుగాని నా చెయ్యి వదల్లేదు.